జీతం ఇచ్చామనే రుజువేది?

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట దుకాణాల్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి నడుస్తోంది. కొత్తగా చేరిన వాళ్ళకు మొదటి నెల జీతం చేతికివ్వరు, ‘హోల్డ్’లో పెడతారు. మానేసినప్పుడు ఇస్తామంటారు. మానేశాక పదో తారీఖున రమ్మంటారు, పండగ అయ్యాక రమ్మంటారు, మేనేజర్ ఊళ్ళో లేడంటారు. నేను మీర్‌పేట్‌లో ఉంటూ ఈ చుట్టుపక్కల బట్టల షాపులు, హాస్టళ్ళు, టిఫిన్ సెంటర్ల పద్దులు రాస్తాను, జీతాల షీట్లు వేస్తాను, పీఎఫ్ చలాన్లు కడతాను. ఈ హోల్డ్ జీతం నా షీట్లలో ఎక్కడా కనబడదు. అంతా నోటిమాటే. ఆ నోటిమాటే ఇప్పుడు యజమాని మెడకు చుట్టుకునేలా ఉంది.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. ఆ మరుసటి నెలలోనే మీర్‌పేట్ కార్పొరేషన్ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ట్రేడ్ లైసెన్సు ఎక్కడ కట్టాలి, బోర్డు మీద ఏం రాయించాలి అని అడగని యజమాని లేడు. జీతాల చట్టం మారిందట కదా అని అడిగినవాళ్ళు మాత్రం తక్కువే. అడిగిన కొందరిదీ ఒకటే ప్రశ్న: “మనకేం పడదు కదక్కా? మన దగ్గర ఉన్నది ఆరుగురే.”

పడుతుంది. నాలుగింటిలో 2019 నాటి వేతనాల కోడ్‌కు తలల లెక్క లేదు. ఆరుగురున్నా, ఇద్దరున్నా వర్తిస్తుంది. నెల జీతం తర్వాతి నెల ఏడో తారీఖు దాటకూడదు. మన వైపు చాలా షాపుల్లో జీతాల రోజు పదో తారీఖు, అదిక చెల్లదు. మనిషిని తీసేసినా, తనే మానేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ముట్టజెప్పాలి. 1936 నాటి పాత చట్టంలో రెండో రోజు లెక్క తీసేసినవాళ్ళకే ఉండేది, తనంతట తాను మానేసినవాళ్ళ ఊసు లేదు. హోల్డ్ పద్ధతి ఇన్నాళ్ళు బతికింది ఆ సందులోనే. చీర మీద మరక పడిందనో, లెక్కలో తేడా వచ్చిందనో జీతం కోయాలన్నా ముందు ఆ మనిషి చెప్పేది వినాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

అసలు మెలిక మరోచోట ఉంది. జీతం రాలేదని గానీ, తక్కువ వచ్చిందని గానీ పనివాడో సేల్స్ గర్లో ఫిర్యాదు చేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. కోడ్‌లో ఈ మాట సూటిగా ఉంది. ఫిర్యాదుకు మూడేళ్ళ గడువు కూడా ఉంది. గల్లాపెట్టెలోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చిన యజమాని, రెండేళ్ళ తర్వాత ఏం చూపిస్తాడు? నిజంగా ఇచ్చినవాడు కూడా ఇరుక్కుంటాడు. నాకు తెలిసిన చాలామంది యజమానులు మోసగాళ్ళేం కాదు. పెళ్ళికి అడ్వాన్సు, పిల్లల ఫీజుకు అప్పు ఇచ్చేవాళ్ళే. అయితే ఆ అడ్వాన్సు సిగరెట్ డబ్బా అట్ట మీద రాసుకుంటారు.

స్లిప్ ఇస్తున్నవాళ్ళకూ ఒక చిక్కుంది. పోయిన ఏడాది నేనే వేసిన ఒక షీటు చెబుతాను. మొత్తం జీతం 24,000. అందులో బేసిక్ 9,000, ఇంటి అద్దె 9,000, ప్రయాణ ఖర్చు 6,000. బేసిక్ తక్కువ చూపిస్తే పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గుతాయి. అందరూ చేసేది అదే. ఇప్పుడు ఇంటి అద్దె, ప్రయాణం వంటి అలవెన్సులు మొత్తంలో సగం మించితే, మించినదాన్ని వేతనంలో కలపాలి. ఇక్కడ అలవెన్సులు 15,000. సగం అంటే 12,000. మిగిలిన 3,000 బేసిక్‌తో కలిస్తే వేతనం 12,000 అవుతుంది. పదేళ్ళు పనిచేసిన మనిషికి గ్రాట్యుటీ, నెలకు 26 రోజుల లెక్కన ఏడాదికి 15 రోజుల చొప్పున, పాత లెక్కలో సుమారు 51,900 వచ్చేది. కొత్త లెక్కలో 69,200 దాటుతుంది. షీటులో గళ్ళు మార్చి తప్పించుకునే దారి ఇక మూసుకున్నట్టే.

గ్రాట్యుటీ అనగానే వాట్సాప్‌లో తిరిగే మాట ఒకటి: ‘ఇకనుంచి ఏడాదికే అందరికీ గ్రాట్యుటీ.’ తప్పు. ఇంత కాలానికని రాసుకుని చేరిన ఒప్పంద ఉద్యోగులకే ఏడాది. పర్మనెంటు వాళ్ళకు పాత అయిదేళ్ళే. అదీ పదిమందీ ఆపైన ఉన్న చోటే. ఇలాంటిదే ఇంకొకటి: తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో రోజుకు పది గంటల పనికి అనుమతిచ్చిందని. ఇచ్చిన మాట నిజమే, వారానికి 48 గంటలు దాటకుండా. కానీ అది వాణిజ్య సంస్థలకే, దుకాణాలకు కాదని ఆ ఉత్తర్వులోనే ఉంది. చీరల షోరూమ్‌లో పొద్దున పదింటికి నిలబడ్డ అమ్మాయి రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించేదాకా నిలబడే ఉంటోంది. 1988 నాటి షాపుల చట్టంలో ఆమెకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికో సెలవు ఎప్పుడో రాసిపెట్టారు. కొత్త కోడ్‌ల మాట అటుంచి, ఆ పాత చట్టమే మా వీధుల్లో సగం అమలు కావడం లేదు.

పదిమందీ ఆపైన ఉన్న చోట అపాయింట్‌మెంట్ లెటరు తప్పనిసరి. పాతవాళ్ళకు కోడ్‌లు అమల్లోకి వచ్చిన మూడు నెలల్లోగా ఇవ్వాలి. ఒకాయనకు ఈ మాట చెబితే, “లెటర్ ఇస్తే రేపు కోర్టుకు పోతడు కదా” అన్నాడు. లెటరు లేకపోయినా పోగలడు. ఉంటే, ఎంత జీతానికి చేరాడో ఇద్దరికీ ఒకే కాగితం మీద ఉంటుంది. చిన్న షాపులూ ఇవ్వడమే మంచిదని నా సలహా. ఒక పేజీ చాలు.

జీతం తక్కువిచ్చినట్టు తేలితే జరిమానా 50,000 దాకా ఉంటుంది. అయిదేళ్ళలోపు మళ్ళీ దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అయితే కోడ్‌లోని కొన్ని తప్పులకు తనిఖీ అధికారి కేసు పెట్టేముందు సరిదిద్దుకోమని ఒకసారి గడువివ్వాలి. ఆ గడువు మొదటిసారికే. అందుకే యజమానులకు చెబుతున్నాను: వచ్చే నెల జీతాలు ఏడులోపు బ్యాంకులో వేయండి, స్లిప్ ఇవ్వండి, ఇచ్చిన అడ్వాన్సుకు సంతకం తీసుకోండి. హోల్డ్‌లో పెట్టిన జీతాలుంటే, వాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగకండి.