రొయ్య ఎక్కడ పుట్టింది? సుంకం రాయితీకి అదే కీలకం

భారతీయ సరుకులపై అమెరికా సుంకం 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరడంతో ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఎగుమతిదారులు ఐరోపా, బ్రిటన్ మార్కెట్లపై దృష్టి సారించారు. బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై అంతకు ముందే, జూలై 24న, సంతకాలు జరిగాయి. ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్లు 2026 జనవరి 27న ప్రకటన వెలువడింది. సుంకాలు తగ్గుతాయన్న ఆశ సహజమే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఏ దేశపు రేవు నుంచి వచ్చిందన్నది కాక, ఏ దేశంలో పుట్టిందన్నది చూసి రాయితీ ఇస్తారు. దీన్ని తేల్చేవే మూలస్థాన నిబంధనలు.

ఇవి మన పరిశ్రమకు కొత్త కావు. వర్ధమాన దేశాలకు ఐరోపా కల్పించిన జీఎస్‌పీ రాయితీ కింద మన ఘనీభవించిన రొయ్యలపై 12 శాతానికి బదులు 4.2 శాతం సుంకమే పడుతూ వచ్చింది. కోటి రూపాయల సరుకుపై 7 లక్షల 80 వేల రూపాయల తేడా! మూలస్థానం రుజువు కాకపోతే ఈ వెసులుబాటు పోయినట్లే.

జీఎస్‌పీ నిబంధనల ప్రకారం చెరువు రొయ్య ఆ దేశంలోనే పుట్టి, అక్కడే పెరగాలి. 2009లో మన దేశం అనుమతించిన వనామి విదేశీ జాతి. దాని తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో చెన్నై క్వారంటైన్ కేంద్రానికి, అక్కడి నుంచి కోస్తా హేచరీలకు చేరతాయి. మరి సంతానం ఎవరిది? గుడ్లు పొదిగేదీ, పిల్లలు పెరిగేదీ ఇక్కడే కనుక అది భారతీయ రొయ్యే. తల్లి జాతకంతో పనిలేదు. పిల్లలనే దిగుమతి చేసుకుంటే మాత్రం పేచీ తప్పదు.

సముద్రపు వేట సంగతి వేరు. 12 నాటికల్ మైళ్లకు ఆవల పట్టిన చేపకు మూలస్థానాన్ని నిర్ణయించేది ఓడపై ఎగిరే జెండా, ఓడ యాజమాన్యం.

అసలు చిక్కు శుద్ధి కర్మాగారాలది. పట్టుబడి లేని నెలల్లో విదేశీ రొయ్యలు తెచ్చి, తల తీసి, ఒలిచి, గడ్డకట్టించి పంపితే పని సాగుతుంది. పీలింగ్ షెడ్లలోని మహిళలకు కూలి దొరుకుతుంది. కానీ ఎంత శ్రమించినా ఆ రొయ్య భారతీయం కాజాలదు. రైతుకు రక్షణగా నిలిచే నిబంధనే కర్మాగారం చేతులు కట్టివేస్తున్నదన్న మాట.

2023–24లో దేశం 60,523 కోట్ల రూపాయల సముద్రోత్పత్తులను ఎగుమతి చేయగా, అందులో ఘనీభవించిన రొయ్యల వాటా 40,013 కోట్లు. ఈ రొయ్య అనేక చిన్న చెరువుల నుంచి దళారుల ద్వారా కర్మాగారానికి చేరుతుంది. ఏ లాటు ఏ చెరువుదో, పిల్ల ఏ హేచరీదో చూపే కాగితాలను భద్రపరచే బాధ్యత చివరకు ఎగుమతిదారుపైనే పడుతున్నది.