ఆటిజం ఉన్న స్త్రీలు – మేకప్

పెళ్లికో, పండుగకో, ఆదివారం ఆరాధనకో ఇంటిల్లిపాదీ ముస్తాబవుతుంటే, ఒక అమ్మాయి మాత్రం ముఖానికి పౌడర్ కూడా రాయనివ్వదు. బలవంతంగా రాస్తే ఏడుస్తుంది, వెంటనే కడిగేసుకుంటుంది. పెద్దలు దానిని మొండితనం అంటారు. ఆ అమ్మాయికి ఆటిజం ఉన్నట్లయితే అది మొండితనం కాకపోవచ్చునని మీకు తెలియజేయదలిచాము.

ఆటిజం అంటువ్యాధి కాదు, పెంపకంలో లోపం వలన వచ్చేదీ కాదు. అది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఈ తేడా ఉన్న చాలామందికి స్పర్శ, వాసన, వెలుతురు, శబ్దం ఇతరులకంటే బాగా ఎక్కువగా గాని, తక్కువగా గాని తెలుస్తాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో దీనిని కూడా ఆటిజం లక్షణాలలో చేర్చారు.

పౌడర్ రాసుకున్న కాసేపటికే మనం ఆ సంగతి మరచిపోతాము. వారిలో చాలామంది మరచిపోలేరు. ఫౌండేషన్ జిడ్డు, లిప్‌స్టిక్ బంక, కంటిలో నలుసులాంటి కాటుక గంటల తరబడి తెలుస్తూనే ఉంటాయి. ఆటిజం ఉన్న అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్, చిన్నతనంలో చర్చికి వేసుకునే గరుకు లంగాల బాధకే తాను అక్కడ అల్లరి చేసేదాన్నని రాశారు.

అయితే చక్కగా మేకప్ వేసుకునే స్త్రీకి ఆటిజం ఉండదనుకోవడం కూడా సరికాదు. కొందరికి రంగులంటే ప్రాణం. రోజూ ఒకే వరుసలో అలంకరించుకోవడం వారికి నెమ్మదినిస్తుంది. మరికొందరు నలుగురిలో వేరుగా కనబడకూడదని తోటివారి నవ్వు, మాటతీరు, అలంకరణ చూసి నేర్చుకుంటారు. ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఇలా దాచుకోవడం వలన చాలామంది ఆడపిల్లలలో ఆటిజం ఆలస్యంగా బయటపడుతుంది. ఇది మగపిల్లలకే వస్తుందన్న అపోహ కూడా ఒక కారణం. 1943లో డాక్టర్ లియో కానర్ వివరించిన 11 మంది పిల్లలలోనే ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు.

కుటుంబ సభ్యులు గమనించవలసినవి:

1. ముందుగా అడగండి. మాటలు రాని అమ్మాయి ముఖం తిప్పుకుంటే అది కూడా "వద్దు" అనే జవాబే. తన ఒంటి విషయంలో తన మాట చెల్లదని నేర్చుకున్న పిల్ల, రేపు ఎవరైనా తప్పుగా తాకినా నోరు విప్పలేదు.

2. పెళ్లి కుదిరితే, ముహూర్తం రోజునే మొదటిసారి మేకప్ వేయించకండి. కొన్ని వారాల ముందునుండి, వాసన లేనివి, ఒక్కొక్కటిగా ఆమె చేతితోనే రాసుకోనివ్వండి. ఏది వద్దంటే అది మానేయండి.

3. ఇంటికి రాగానే ముఖం కడుక్కుని, కాసేపు ఒంటరిగా ఉండనివ్వండి.

4. దురద, ఎర్రదనం, వాపు ఉంటే అది అలర్జీ కావచ్చు. వాడకం ఆపి చర్మవైద్యునికి చూపించండి.

పెళ్లి ఫోటోలో ముఖం కొంచెం వెలవెలబోయినా నష్టం లేదు. ఆ రోజంతా ఆ అమ్మాయి బాధ లేకుండా మీ మధ్య కూర్చోగలగడమే ముఖ్యం.