160లో తెగి 130లో కలిసే స్విచ్

చలికాలం రాత్రి ఫర్నేస్ వెలుగుతుంది. నాలుగైదు నిమిషాలకే మంట ఆరిపోతుంది, ఫ్యాను మాత్రం ఆగదు. కాసేపాగి మళ్లీ అదే వరస. డాలస్‌లో అటకమీదైనా, న్యూజెర్సీలో బేస్‌మెంట్‌లోనైనా గ్యాస్ ఫర్నేస్ ఉన్న తెలుగువాళ్లలో చాలామంది ఇది చూసే ఉంటారు. ‘లిమిట్ స్విచ్ పోయింది, కొత్తది వేస్తే సరి’ అనేస్తారు. నిజంగానే పోయిందా, లేక తన పని తాను చేస్తోందా?

వేడి హద్దు దాటితే మంట ఆపే ఈ స్విచ్ రూపాయి బిళ్లంత ఉంటుంది. దాని మీద ‘ఎల్160-30’ లాంటి సన్నటి అచ్చు కనిపిస్తుంది. 160 డిగ్రీల ఫారన్‌హీట్ (71 సెల్సియస్) దగ్గర తెగుతుందని, 30 డిగ్రీలు తగ్గి 130కి వచ్చాక తిరిగి కలుస్తుందని దానర్థం. లోపల రెండు లోహాలు అతికిన పల్చటి బిళ్ల వేడికి టక్కున అటువైపు వంగి కాంటాక్టును విడదీస్తుంది. 24 వోల్టుల సర్క్యూట్ తెగగానే ఫర్నేస్ కంట్రోల్ బోర్డు గ్యాస్ ఆపి, లోపలి వేడిని బయటికి తోలడానికి బ్లోయర్‌ను తిప్పుతూనే ఉంటుంది.

అసలు అంత వేడి ఎందుకెక్కుతుంది? 80,000 బీటీయూల ఫర్నేస్, సామర్థ్యం 80 శాతం అనుకుందాం. గాలికి చేరే వేడి గంటకు 64,000 బీటీయూలు. దాన్ని 1.08తోనూ, నిమిషానికి వీచే ఘనపుటడుగుల గాలితోనూ భాగిస్తే గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో తేలుతుంది. 1,185 ఘనపుటడుగులు వీస్తే 50 డిగ్రీలు. 70 డిగ్రీల గది గాలి 120 అయి వస్తుంది, హాయిగా ఉంటుంది. అదే గాలి 600కు పడిపోతే పెరుగుదల దాదాపు 99, బయటికొచ్చేది 169. స్విచ్ తెగక ఏం చేస్తుంది?

గాలి పడిపోవడానికి మొదటి అనుమానితుడు మాసిన ఫిల్టర్. తర్వాత బ్లోయర్ కెపాసిటర్, దుమ్ము పట్టిన ఏసీ కాయిల్. వాడని గదుల వెంట్లన్నీ మూసేసి గ్యాస్ బిల్లు మిగిల్చామనుకునే మన పొదుపు కూడా ఈ జాబితాలోదే.

స్విచ్ నిజంగా చెడిందో లేదో తేల్చడం కష్టం కాదు. కరెంటు ఆపి, పూర్తిగా చల్లారాక, రెండు వైర్లూ తీసి మీటరు పెట్టాలి. దాదాపు 0 ఓమ్‌లు చూపిస్తే స్విచ్ తెగి లేదు. చల్లగా ఉన్నా సర్క్యూట్ కలవకపోతే మార్చాల్సిందే. మార్చేటప్పుడు మోడల్ నంబరుకు తయారీదారు చెప్పిన భాగమే వేయాలి: తెగే డిగ్రీ, తేడా, లోపలికి దిగే కాడ పొడవు మూడూ కలవాలి. 160 బదులు 200ది బిగిస్తే మాటిమాటికీ ఆరిపోవడం ఆగొచ్చు, కానీ ఆ వేడంతా భరించేది మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్. అది పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. వైరు ముక్కతో స్విచ్‌ను దాటవేయడం ఇంకా ఘోరం.

బర్నర్ల దగ్గర చిన్న బొత్తాంతో ఉండే రోల్‌అవుట్ స్విచ్ సంగతి వేరు. మంట బయటికి తన్నితే అది తెగుతుంది. బొత్తాం నొక్కి ఊరుకోకుండా టెక్నీషియన్‌ను పిలవాలి.

కొత్త లిమిట్ స్విచ్ బిగించాక పావుగంట నడిపి, రిటర్న్ గాలికీ వేడి గాలికీ మధ్య తేడా కొలవండి. ఫర్నేస్ పేరుపలక మీద దాని హద్దు రాసి ఉంటుంది, ఉదాహరణకు 35 నుంచి 65. మీ తేడా 80 ఉంటే, కొత్త స్విచ్ కూడా తెగుతూనే ఉండొచ్చు.