పరుగు, పిక్కల నొప్పి: నూనె రాయడానికి ముందు చేయవలసిన పరీక్ష

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిన ఏడాది మా నల్లగొండ ప్రాంతపు రోడ్లు తెల్లవారక ముందే మేలుకొంటాయి. 2022 నాటి తెలంగాణ కానిస్టేబుల్ నియామకాలలో పురుషులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తవలసి ఉండింది. ప్రాథమిక వ్రాతపరీక్ష నెగ్గిన యువకులు చీకటితోనే తారురోడ్డు మీద పరుగులు తీసేవారు. పది పదిహేను రోజులు గడిచేసరికి వారిలో కొందరు పిక్కలు పట్టుకొని నా వైద్యశాల అరుగు మీద కూర్చునేవారు. “అయ్యగారూ, ఏదైనా తైలం ఇయ్యండి” అన్నదే అందరి మాట.

అటువంటి ఒక యువకుడి విషయంలో నేను పొరబడ్డాను. ఆ పొరపాటును పాఠక మహాశయుల ముందుంచడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

అతడు కౌలు రైతు కుమారుడు. పరుగు అలవాటు లేనివాడు ఒక్కసారిగా రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, అరిగిపోయిన బూట్లతో, పరుగెత్తసాగాడు. మోకాలి క్రింద నొప్పి అన్నాడు. నేను కూర్చున్న చోటి నుండే విని, వాతప్రకోపమని నిర్ణయించి, తైలమర్దనం, వావిలాకు కాపడం చెప్పాను. “ఉరుకుడు బంద్ చెయ్యాల్నా అయ్యగారూ?” అని అడిగాడు. “మెల్లగా ఉరుకు నాయనా” అన్నాను.

మూడు వారాల తరువాత కుంటుకుంటూ వచ్చాడు. అప్పుడు కాలిముందరి ఎముక వెంట బొటనవేలితో నొక్కి చూశాను. రూపాయి బిళ్లంత చోట వేలు ఆనగానే ఉలిక్కిపడి కాలు లాక్కున్నాడు. పట్టణానికి పంపి ఎక్స్‌రే తీయించగా ఎముకలో సన్నని పగులు కనబడింది. ఎముకల వైద్యుడు రెండు నెలల పాటు పరుగు మాన్పించారు. ఆ ఏడు పరుగు పరీక్ష అతడు లేకుండానే జరిగిపోయింది.

దర్శన, స్పర్శన, ప్రశ్నలనే త్రివిధ పరీక్షను గురుకులంలో ఏళ్ల తరబడి వల్లించినవాణ్ణి నేను. ఆనాడు ప్రశ్న ఒక్కదానితోనే సరిపెట్టాను.

నొప్పి కండరానిదా, ఎముకదా?

కండరాల నొప్పి పిక్క అంతటా, తొడ అంతటా పరచుకొని ఉంటుంది. తరచు రెండు కాళ్లకూ వస్తుంది. పరుగెత్తిన మరునాడు మొదలై, రెండవ మూడవ రోజున హెచ్చి, నాలుగైదు రోజులలో తగ్గుతుంది. నెమ్మదిగా నడిస్తే సడలుతుంది. అలవాటు లేని శ్రమ వలన కండరపు పోగులలో కలిగే సూక్ష్మమైన దెబ్బలే దీనికి మూలం. ఒంట్లో పులుపు చేరడం వలన ఈ నొప్పి వస్తుందన్న నమ్మకం సరికాదు.

ఎముక నొప్పి అలా కాదు. వేలితో చూపగలిగినంత చోట ఉంటుంది. పరుగెత్తే కొద్దీ హెచ్చుతుంది. ముదిరితే విశ్రాంతిలోనూ, రాత్రివేళా బాధిస్తుంది. అటువంటి చోట మర్దనం చేయకూడదు. పరుగు వెంటనే ఆపి ఎముకల వైద్యుని చూడాలి. తొలి రెండు మూడు వారాలలో ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. అంతమాత్రాన పగులు లేదని తలచి మళ్లీ పరుగు మొదలుపెట్టరాదు.

శాస్త్రం ఏమంటున్నది?

చరకాచార్యులు చెప్పిన ఎనభై వాతవ్యాధులలో పిక్కలు మెలిపెట్టినట్లుండే పిండికోద్వేష్టనం ఒకటి. వాగ్భటాచార్యులు బలవంతుడు సైతం చలికాలంలోనూ, వసంతంలోనూ తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలనీ, తక్కిన కాలాలలో అంతకంటె తగ్గించాలనీ విధించారు. నుదుట, చంకలలో చెమట పోయడం, నోరు తెరచి శ్వాస తీసుకోవలసి రావడం ఆ సగానికి గుర్తులు. పరీక్షకు సిద్ధమయ్యేవారు ప్రతిదినం అక్కడే ఆగడం కుదరదు. అయినా తొలి వారాలకు ఇదే కొలత. మొదట నడక, పిదప నడుమ నడుమ పరుగు, వారానికి కొంచెంగా దూరం పెంచడం, వారంలో ఒకటి రెండు రోజుల విశ్రాంతి. తారురోడ్డు కంటె చదునైన మట్టి మైదానం మేలు.

కండరాల నొప్పికి గృహచికిత్స

నాలుగు చెంచాల నువ్వుల నూనెను వేడినీటి గిన్నెలో నిలిపి గోరువెచ్చగా చేసి, పిక్కలకూ తొడలకూ పది నిమిషాలు మృదువుగా రాయండి. పిక్క నడుమ ఇంద్రవస్తి అనే మర్మస్థానం ఉన్నది కనుక మోచేతితో గాని, మడమతో గాని తొక్కించరాదు. పిమ్మట గుప్పెడు వావిలాకు వేసి మరిగించిన నీటిలో గుడ్డ ముంచి, పిండి, చర్మం ఓర్చుకోగలిగినంత వేడితో కాపడం పెట్టండి. ముందు స్నేహనం, పిదప స్వేదనం. ఈ క్రమం తప్పరాదు. పరుగు ముగిశాక ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ, రాగి జావ, పప్పన్నం మంచివి.

పరుగు మధ్యలో పిక్క చటుక్కున పట్టేసి, వాచి, కమిలితే మాత్రం రెండు రోజుల వరకు మర్దనమూ వద్దు, కాపడమూ వద్దు. చల్లని నీటి పట్టీ వేసి కాలిని ఎత్తుగా ఉంచి, వైద్యునికి చూపండి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

తీవ్రమైన పరుగు తరువాత మూత్రం నల్లని టీ రంగులో రావడం, ఒక్క పిక్కే వాచి వెచ్చగా ఉండడం, ఛాతీలో నొప్పి, ఎండలో మాట తడబడడం: వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ యువకుడు తరువాతి ప్రకటన కోసం ఇప్పుడు బడి మైదానంలో పరుగు సాధన చేస్తున్నాడు. మొన్న తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. తైలం అడగలేదు. “ముందుగాల కాలు చూడుండ్రి అయ్యగారూ” అన్నాడు. అరుగు దిగి వెళ్లి చూశాను.