పొడల కుక్కకు పొడల జత వద్దు



పశువును రంగుతో పిలవడం మనకు అలవాటు. కర్రావు అంటాం, బొల్లెద్దు అంటాం. ముచ్చటైన రంగు మళ్ళీ మళ్ళీ పుట్టాలని ఎవరికైనా ఆశే. కాని రంగు కోసమే జత కట్టిస్తే పిల్లల కళ్ళకూ చెవులకూ ముప్పు వచ్చే సందర్భం ఒకటుంది. గొర్రెలు కాసే కుక్కల్లో ఆ సంగతి బాగా తేలింది.

బ్రిటనులో పెరిగిన కోలీ, షెట్లండు గొర్రెకుక్క, అమెరికాలో రూపొందిన ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో ఒక రంగు వుంది. ఒళ్ళు నీలంగా బూడిద పూసినట్టుంటుంది, మధ్య మధ్య నల్లని పొడలు. దీన్ని మెర్ల్ అంటారు.

ఈ రంగు ఎలా వస్తుంది? పిల్లకు రంగు జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండిట్లో ఒకటి మెర్ల్ అయితే చాలు, పొడలు పడతాయి. అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ 1957లోనే కుక్కల రంగుల వారసత్వం మీద గ్రంథం రాశాడు. ఆ రోజుల్లో ఏ ఈతలో ఏ రంగు పిల్లలు పుట్టాయో లెక్క చూసి తేల్చుకోవలసిందే. 2006లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం పరిశోధకులు అసలు జన్యువునే పట్టుకున్నారు. దాని పేరు పీమెల్. అందులో ఒక అదనపు ముక్క చొరబడడమే ఈ పొడలకు కారణం.

ఇక లెక్క చూడండి. పొడల కుక్కను సాదా రంగు కుక్కతో జత కడితే, సగటున సగం పిల్లలు పొడలతో, సగం సాదాగా పుడతాయి. పొడల కుక్కను పొడల కుక్కతోనే కడితే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి సాదా, రెండు పొడలవి, నాలుగోదానికి రెండు వైపుల నుంచీ మెర్లే వస్తుంది. చిక్కంతా ఈ నాలుగోదానితోనే. ఒళ్ళు చాలావరకు తెల్లబడుతుంది. కళ్ళు చిన్నవై చూపు మందగించవచ్చు, అసలు లేకపోనూ వచ్చు. చెవుడూ రావచ్చు.

రంగుకూ చెవికీ ఏమిటి సంబంధం అంటారా? రంగునిచ్చే కణాలు చర్మంలోనే గాదు, లోపలి చెవిలోనూ పనిచేస్తాయి. అక్కడ అవి లేకపోతే శబ్దాన్ని పట్టే సన్నని కణాలు పుట్టిన కొద్ది వారాలకే చచ్చిపోతాయి. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక మెర్ల్ జన్యువున్న కుక్కల్లో నూటికి నాలుగింటి లోపే ఒక చెవికో రెండు చెవులకో చెవుడు కనబడింది. రెండూ మెర్లే అయిన కుక్కల్లో నూటికి 25. కాపరి ఈల వినబడని కుక్క మందను ఎలా తిప్పుతుంది?

మరో మోసం వుంది. మెర్ల్ నలుపు, గోధుమ రంగుల మీదే పనిచేస్తుంది. ఒళ్ళంతా లేత పసుపో ఎరుపో అయిన కుక్కలో అది వున్నా కంటికి ఆనదు. అలాంటి అనుమానం వుంటే, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి జన్యు పరీక్షకు పంపితే తేలిపోతుంది.

కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకోండి. పొడల కుక్కకు మెర్ల్ లేని జతే చూడండి. బ్రిటనులోని కెన్నెల్ క్లబ్ సైతం రెండు మెర్ల్ కుక్కలకు పుట్టిన పిల్లలను నమోదు చేసుకోదు. అరుదైన రంగు అని ఎవరైనా హెచ్చు ధర చెబితే, ముందు తల్లినీ తండ్రినీ చూపమనండి. పిల్లను కొనేముందు, దానికి కనబడకుండా వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి. ఒక చెవికే చెవుడుంటే ఇలా తెలియదు, పశువైద్యుడికి చూపించాలి.

మన ఊళ్ళో తిరిగే నలుపు తెలుపు మచ్చల కుక్కలన్నీ మెర్ల్ అనుకుని భయపడకండి. తెల్ల మచ్చలకు కారణమైన జన్యువులు వేరు. రంగు చూసి మురవడం తప్పు గాదు. జత కట్టేముందు రంగు వెనక ఏముందో కూడా చూడాలి, అంతే.