మా వాణ్ని అమ్మేస్తారా?!

ఆటగాడు జట్టు మారితే యజమాని లెక్కల పుస్తకంలో ఒక పద్దు మారుతుంది. అభిమానికి మాత్రం ఇంట్లో మనిషి వెళ్లిపోయినట్టుంటుంది. అమెరికాలో బేస్‌బాల్ చూసే కుటుంబాల్లో వందేళ్లుగా తెగని పంచాయితీ ఇదే. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి... ఈ వాదనంతా ఒట్టి కాలక్షేపమేనా? కాదనే చెబుతోంది ఆ ఆట చరిత్ర.

2004 జులై 31. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు తన ముద్దుబిడ్డను వదిలేసుకుంది. అతని పేరు నోమార్ గార్సియాపారా. 1999లో, 2000లో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ సగటులో అతనిదే మొదటి స్థానం. మాట చివర 'ర' మింగేయడం బోస్టన్ వాళ్లకి అలవాటు. అందుకే అతనక్కడ 'నోమా'. అతని అయిదో నంబరు చొక్కా వేసుకుని పెరిగిన పిల్లలు ఆ ఊళ్లో కోకొల్లలు. అలాంటివాణ్ని షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. నాలుగు జట్లు కలిసి చేసుకున్న ఆ మార్పిడిలో బోస్టన్‌కి వచ్చింది ఇద్దరు ఆటగాళ్లు. ఇద్దరికీ నోమార్‌కున్న పేరులో పదోవంతు కూడా లేదు.

ఆ నిర్ణయం తీసుకున్న జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్‌కి అప్పటికి 30 ఏళ్లు. నోమార్ కన్నా అయిదు నెలలు చిన్న! 'ఈ కుర్రాడికేం తెలుసు?' అన్నారు సగం మంది. 'నోమార్‌కి గాయాలు ఎక్కువయ్యాయి. ఏడాది చివరికి ఒప్పందం అయిపోతుంది. అప్పుడు ఊరికే పోతాడు. ఇప్పుడిస్తే ఇద్దరైనా వస్తారు' అన్నారు మిగతా సగం. ఒకే ఇంట్లో, ఒకే సోఫాలో కూర్చునే తండ్రీకొడుకులు కూడా రెండు పార్టీలైపోయే సందర్భమది.

మనకీ తెలిసిన బాధే!

ఈ బాధ మనకి కొత్తేం కాదు. 2016లో హైదరాబాద్ సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్ డేవిడ్ వార్నర్. 2021లో సీజన్ మధ్యలోనే అతని కెప్టెన్సీ పోయింది. ఆ తరవాతి ఏడాది ఢిల్లీ జట్టుకి ఆడాడు. తెలుగు పాటలకి స్టెప్పులేసి మన ఇళ్లలో పిల్లలకి కూడా దగ్గరైన ఆటగాడు వేరే రంగు చొక్కాలో ఉప్పల్‌కి వస్తే చప్పట్లు కొట్టాలో మానాలో తెలియక తికమకపడ్డవాళ్లెందరో.

మన ఐపీఎల్ 2008లో మొదలైంది. అమెరికావాళ్లు వందేళ్లకు పైగా ఈ తికమకలోనే బతుకుతున్నారు. అక్కడి మేజర్ లీగ్‌లో 30 జట్లు. మామూలు సీజన్లో ఒక్కో జట్టు 162 ఆటలాడుతుంది. ఆటగాళ్లను మార్చుకోవడానికి ఉన్న గడువు ఏటా ఇంచుమించు జులై నెలాఖరుకి ముగుస్తుంది. ఆ వారమంతా అభిమానులకి నిద్ర ఉండదు. చలికాలంలో ఆట లేకపోయినా మాటలు ఆగవు. వెనకటి రోజుల్లో ఊరి దుకాణంలో మండుతున్న స్టవ్ చుట్టూ చేరి ఇవే కబుర్లు చెప్పుకునేవాళ్లట. అందుకే ఆ చలికాలపు చర్చలకి 'హాట్ స్టవ్ లీగ్' అనే పేరు స్థిరపడిపోయింది.

అన్నిటికీ మూలం ఆ అమ్మకం

బోస్టన్‌లో వాదన ఎక్కడ మొదలైనా చివరికి చేరేది ఒక్క పేరు దగ్గరికే... బేబ్ రూత్. 1918లో రెడ్ సాక్స్ ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు అతను ఆ జట్టులోనే ఉన్నాడు. మరుసటి ఏడాది 29 హోమ్ రన్లు కొట్టి రికార్డు సృష్టించాడు. క్రికెట్‌లో సిక్సర్ లాంటిది హోమ్ రన్. ఆ ఏడాది చివర్లోనే జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కి లక్ష డాలర్లకు అమ్మేశాడు. ఫ్రేజీది నాటకాల వ్యాపారం కూడా. 1920 జనవరిలో సంగతి బయటికొచ్చింది. ఆ ఏడాదే రూత్ న్యూయార్క్ తరఫున 54 హోమ్ రన్లు కొట్టాడు!

అప్పటిదాకా ఒక్కసారీ ప్రపంచ సిరీస్ గెలవని యాంకీస్ 1923లో బోణీ కొట్టింది. 2000 సంవత్సరానికల్లా ఆ లెక్క 26కి చేరింది. అప్పటికే అయిదుసార్లు గెలిచి ఉన్న బోస్టన్ మాత్రం 1918 తరవాత మళ్లీ కప్పు ముఖం చూడలేదు. రూత్ ముద్దుపేరు బాంబినో. 'ఇది బాంబినో శాపం' అన్నారు జనం. శాపాలు నమ్మనివాళ్లు కూడా ఓడిన ప్రతిసారీ ఆ మాటే తలచుకునేవారు.

గెలిచామనుకున్నారు... మునిగారు!

ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరు లాభపడ్డారో ఆ రోజే తేల్చేసే తొందర అభిమానులకెప్పుడూ ఉంటుంది. అది ఎంత ప్రమాదమో షికాగోవాళ్లని అడగాలి. 1964 జూన్ 15న కబ్స్ జట్టు లూ బ్రాక్ అనే కుర్రాణ్ని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి ఇచ్చి, ఎర్నీ బ్రోగ్లియో అనే పిచర్‌ని తెచ్చుకుంది. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. అంతకుముందు ఏడాది బ్రోగ్లియో ఖాతాలో 18 విజయాలున్నాయి. బ్రాక్ ఆట అప్పటికి అంతంతమాత్రం. ఇంకేం, షికాగోలో సంబరపడ్డవాళ్లే ఎక్కువ.

తీరా చూస్తే బ్రోగ్లియోకి మోచేతి బాధ. ఆ సీజన్ అవగానే ఆపరేషన్. షికాగోకి ఆడిన మొత్తం కాలంలో అతను గెలిపించింది ఏడే ఆటలు. అటు లూ బ్రాక్ వెళ్లిన ఏడాదే కార్డినల్స్ ప్రపంచ సిరీస్ గెలిచింది. ప్రత్యర్థుల కళ్లుగప్పి ఒక బేస్ నుంచి మరో బేస్‌కి పరుగెత్తడాన్ని బేస్ దొంగిలించడం అంటారు. బ్రాక్ తన జీవితంలో 938 బేస్‌లు అలా దొంగిలించి, మేటి ఆటగాళ్లకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అందుకున్నాడు. ఇప్పటికీ ఎవరైనా నష్టపు బేరం చేస్తే 'బ్రాక్‌ని ఇచ్చి బ్రోగ్లియోని తెచ్చుకున్నట్టు' అంటారు షికాగోవాళ్లు.

కాపలాదారు కాగితాలు

మరి ఆటగాడి విలువ ముందే తెలుసుకోవడమెలా? ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడో అభిమాని. పేరు బిల్ జేమ్స్. కాన్సస్ రాష్ట్రంలో చిక్కుడుగింజల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో రాత్రి కాపలాదారు. అతనెప్పుడూ పెద్ద జట్టులో ఆడలేదు. చేతిలో కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా పేపర్లో వచ్చే ఆటల పట్టికలు, తెల్లవార్లూ ఖాళీ సమయం. ఆ లెక్కలన్నీ కూర్చి 1977లో సొంత ఖర్చుతో 'బేస్‌బాల్ అబ్‌స్ట్రాక్ట్' అని ఒక చిన్న పుస్తకం వేశాడు. వంద కాపీలు కూడా అమ్ముడుపోలేదు!

ఇంతకీ అతను చెప్పిందేమిటి? బేస్‌బాల్‌లో ఒక ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్. ఇన్నింగ్స్‌కి ముగ్గురు అవుటవ్వాలి. అంటే జట్టు చేతిలో ఉన్నవి 27 అవుట్లు. అవుట్ కాకుండా బేస్ చేరడమే అన్నిటికన్నా ముఖ్యం. పిచర్ నాలుగు చెడ్డ బంతులేస్తే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్లొచ్చు. దాన్ని 'వాక్' అంటారు. బ్యాటింగ్ సగటు లెక్కలో ఈ నడక చేరదు. అందుకే ఓపిగ్గా చెడ్డ బంతుల్ని వదిలేసేవాళ్లకి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. 'కళ్లకి కనిపించే సొగసు చూసి మోసపోతున్నాం' అన్నదే అతని వాదన సారం.

మొదట్లో జట్లు పట్టించుకోలేదు. అభిమానులు పట్టించుకున్నారు. చేతులు మారుతూ ఆ పుస్తకం ఏటేటా పెరిగింది. చివరికి ఓక్లాండ్ ఏస్ జట్టు ఈ లెక్కల్ని నమ్ముకుంది. 2002లో దాని జీతాల ఖర్చు దాదాపు 4 కోట్ల డాలర్లు. యాంకీస్‌ది అంతకు మూడింతలు. ఇద్దరూ గెలిచినవి మాత్రం సరిగ్గా 103 ఆటలే! అందులో వరుసగా గెలిచినవి 20. ఇరవయ్యో ఆటని హోమ్ రన్‌తో గెలిపించిన స్కాట్ హాటెబర్గ్, మోచేతి గాయంతో 'ఇక పనికిరాడు' అనిపించుకున్న ఆటగాడు. 2003లో వచ్చిన 'మనీబాల్' పుస్తకం, 2011లో బ్రాడ్ పిట్ నటించిన సినిమా ఈ కథే.

2002 చివర్లో బోస్టన్ ఆ కాపలాదారుని పిలిచి సలహాదారుగా పెట్టుకుంది. స్టవ్ చుట్టూ సాగిన వాదన ఆఫీసు గదిలోకి అడుగుపెట్టింది.

నేను వస్తువును కాను!

ఇన్ని లెక్కల మధ్య ఒక సంగతి మర్చిపోతుంటాం. ఇటూ అటూ మారేది మనిషి. అతనికీ ఇల్లుంటుంది, పిల్లల బడి ఉంటుంది. ఆ మాట గట్టిగా చెప్పినవాడు కర్ట్ ఫ్లడ్. 1964లో గెలిచిన కార్డినల్స్ జట్టులో బ్రాక్ పక్కన ఆడినవాడే. 12 సీజన్లు అదే జట్టుకి సేవ చేశాక, 1969 అక్టోబరులో అతన్ని ఫిలడెల్ఫియాకి పంపేశారు. ఆ సంగతి అతనికి తెలిసింది ఒక ఫోన్ కాల్‌తో!

అప్పటి నిబంధన ప్రకారం జట్టు కోరుకున్నంతకాలం ఆటగాడు దానికి కట్టుబడి ఉండాల్సిందే. పంపిన చోటికి వెళ్లాలి, లేదంటే ఆట మానుకోవాలి. ఫ్లడ్ వెళ్లనన్నాడు. ఇష్టాయిష్టాలతో పనిలేకుండా కొని అమ్మే వస్తువును కానంటూ ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. కోర్టుకెక్కాడు. ఏడాదికి 90 వేల డాలర్లు తీసుకునేవాడికి ఈ ఫిర్యాదేమిటని విసుక్కున్నవాళ్లు చాలామందే. నల్లజాతి మనిషిగా అమ్మకమంటే ఏమిటో తన పూర్వీకుల చరిత్ర నుంచే తెలిసినవాడు ఫ్లడ్. వెనక్కి తగ్గలేదు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. అప్పటికే అతని ఆట ముగిసిపోయింది.

కానీ తలుపు కదిలింది. 1975 డిసెంబరులో వేరే ఇద్దరు ఆటగాళ్ల వివాదంలో వచ్చిన తీర్పుతో, ఒప్పందం తీరాక నచ్చిన జట్టుకి వెళ్లే దారి తెరుచుకుంది. పదేళ్లు ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాణ్ని అతని అనుమతి లేకుండా పంపకూడదన్న నియమమూ వచ్చింది. దాన్నిప్పటికీ ఫ్లడ్ పేరుతోనే తలచుకుంటారు.

ఒక నడక... ఒక పరుగు

మళ్లీ 2004కి వద్దాం. నోమార్ వెళ్లిన అదే రోజు బోస్టన్ ఇంకో చిన్న బేరం చేసింది. డేవ్ రాబర్ట్స్ అనే వేగగాణ్ని లాస్ ఏంజెలెస్ నుంచి తెచ్చుకుంది. నోమార్ గొడవలో దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

అక్టోబరులో యాంకీస్ చేతిలో వరుసగా మూడు ఆటలు పోయాయి. ఇంకొక్కటి పోతే ఇంటికే. నాలుగో ఆట చివరి ఇన్నింగ్స్‌లో కూడా బోస్టన్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. అప్పుడు కెవిన్ మిల్లర్‌కి దొరికింది... ఒక వాక్! కాపలాదారు ఏళ్ల తరబడి మొత్తుకున్న నడక. మిల్లర్ బదులు పరుగెత్తడానికి రాబర్ట్స్ వచ్చాడు. స్టేడియం మొత్తానికీ తెలుసు అతను దొంగిలిస్తాడని. అయినా దొంగిలించాడు. స్కోరు సమమైంది. ఆ ఆట గెలిచారు. తరవాత మూడూ గెలిచారు. ఏడు ఆటల పోరులో 0-3 నుంచి లేచిన జట్టు మేజర్ లీగ్‌లో అంతకుముందు లేదు. అక్టోబరు 27న ప్రపంచ సిరీస్ కూడా గెలిచి 86 ఏళ్ల నిరీక్షణకి తెరదించారు.

మర్నాడు బోస్టన్ చుట్టుపక్కల శ్మశానాల్లో ఓ దృశ్యం కనిపించింది. జట్టు జెండాలు, టోపీలు తీసుకెళ్లి తండ్రుల, తాతల సమాధుల మీద పెట్టారు జనం. వాళ్లు జీవితాంతం వాదించారు, తిట్టారు, ఎదురుచూశారు. చూడకుండానే పోయారు. ఆ వాదనని వారసత్వంగా అందుకున్న పిల్లలు కబురు చెప్పడానికి వెళ్లారు.

అక్కడితో పంచాయితీ ఆగిందా అంటే... లేదు. 2018లో మళ్లీ గెలిపించిన మూకీ బెట్స్‌ని 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి ఇచ్చేసింది బోస్టన్. ఆ ఏడాదే డాడ్జర్స్ ప్రపంచ సిరీస్ గెలిచింది. 2024లో, 2025లో మళ్లీ గెలిచింది. ఆ మూడుసార్లూ దాని మేనేజర్ ఎవరో తెలుసా? ఆనాటి పరుగువీరుడు డేవ్ రాబర్ట్స్! రూత్‌ని అమ్మిన పాఠం ఇంకా వంటబట్టలేదా అని బోస్టన్ ఇళ్లలో కొత్త తరం మళ్లీ మొదలెట్టింది.

నోమార్ ఏమయ్యాడంటారా? వేరే జట్లకి ఆడాడు. 2010 మార్చిలో ఆట మానేయాలనుకున్నప్పుడు బోస్టన్‌కి తిరిగొచ్చి, ఆ జట్టుతో ఒక్కరోజు ఒప్పందం రాసుకున్నాడు. రెడ్ సాక్స్ ఆటగాడిగానే వీడ్కోలు చెప్పాలన్నది అతని కోరిక. ఆరేళ్ల కిందట అతన్ని పంపడం ఒప్పా తప్పా అని కొట్టుకున్న రెండు పార్టీలూ ఆ రోజు ఒక్కమాట మీదకొచ్చే ఉంటాయి...

'ఎక్కడికెళ్లినా వాడు మావాడే!'