బిడ్డను బడిలో చేర్చుట: చట్టము చెప్పునదేమి?



జూన్ మాసము వచ్చినదన్న బడి వాకిట తలిదండ్రులు గుమికూడుదురు. ఒక యేడు అట్టి వాకిట నొక ముసలమ్మను జూచితిని. కొడుకును కోడలును ఇటుకబట్టీల పనికై పొరుగు రాష్ట్రమునకు పోగా, తొమ్మిదేండ్ల మనుమరా లామెయొద్ద మిగిలినది. ఆ పిల్ల చదువు రెండవ తరగతితో నాగిపోయినది. జనన పత్రము లేదు. మునుపటి బడినుండి బదిలీ పత్రమును రాలేదు. “కాగితములు తెచ్చిన పిమ్మట రండు” అని పంపివేసిరి. ఆ మాట చెల్లదని ఆమెకు తెలియదు. ప్రక్కనున్న పెద్దలకును తెలియదు. అందుచేతనే నేటి యీ ప్రసంగము.

2002వ సంవత్సరమున జరిగిన 86వ రాజ్యాంగ సవరణచే ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల పిల్లలందఱికి ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కుగా నేర్పడినది. తదనుసారముగ 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో నున్నది. ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదవ తరగతి ముగియువరకు రుసుము లేదు.

ఇక కాగితముల మాట. గుమాస్తాలకు వీనిమీద మక్కువ మెండు. వయస్సునకు ఆధారము లేదను కారణమున ఏ బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదని చట్టము యొక్క 14వ విభాగము స్పష్టముగ చెప్పుచున్నది. జనన పత్రము లేనిచో ఆసుపత్రి రిజిస్టరు గాని, అంగన్‌వాడీ రిజిస్టరు గాని చాలును. అవియు లేనిచో తల్లియో తండ్రియో సంరక్షకుడో వ్రాసియిచ్చు వాఙ్మూలము చాలునని 2010 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. బదిలీ పత్రము ఆలస్యమైనదని ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశమును ఆపరాదు. ఆలస్యము చేసిన ప్రధానోపాధ్యాయుడే క్రమశిక్షణ చర్యకు పాత్రుడగును. ఆధార్ లేదని బిడ్డను త్రిప్పిపంపుటయు తగదు; పాఠశాల ప్రవేశమునకు అది తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. ప్రవేశముల గడువు దాటినదను సాకును చెల్లదు.

చదువు ఆగిన పిల్లను ఏ తరగతిలో కూర్చుండబెట్టవలెను? చాలమంది “మొదటి తరగతిలోనే” యందురు. పొరపాటు. తొమ్మిదేండ్ల పిల్లను ఆఱేండ్ల పసివాండ్ర నడుమ కూర్చుండబెట్టినచో సిగ్గుచే మరల ఇల్లు చేరును. కావుననే వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠములకై ప్రత్యేక శిక్షణ మీయవలెనని 4వ విభాగము విధించుచున్నది. ఆ శిక్షణము మూడు నెలలకు తక్కువగాక, అవసరమైనచో రెండేండ్లవరకు సాగవచ్చును. పదునాలుగేండ్లు దాటినను అట్టి బిడ్డకు ఎనిమిదవ తరగతివరకు ఉచిత విద్యయే.

ప్రైవేటు పాఠశాలలు పేదలకు నాలుగవవంతు సీట్లు కేటాయింపవలెనన్న విధియు కలదు. దాని యమలు రాష్ట్రమున కొక తీరుగా నున్నందున మండల విద్యాధికారి నడిగి తెలిసికొనుడు. బిడ్డకు గాని తలిదండ్రులకు గాని ప్రవేశపరీక్ష పెట్టిన పాఠశాలకు మొదటిసారి 25,000 రూపాయలవరకు జరిమానా పడును.

త్రిప్పిపంపినచో నోటిమాటతో ఊరకుండక, అర్జీ వ్రాసి మండల విద్యాధికారికిచ్చి, నకలుమీద తేదీయు ముద్రయు వేయించుకొనవలెను. ముసలమ్మ విషయమున మేము చేసిన దంతే. నాలుగవ దినమున ఆ పిల్ల నాలుగవ తరగతిలో కూర్చుండెను.